వెనక్కి వచ్చిన వ్రాతప్రతి – షార్లెట్ బ్రాంటీ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒకరి జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే దంపతులు, జాషువా వంటి మహనీయుల గురించి ఎన్నోసార్లు చదువుకున్నాం, ఇక ముందు కూడా చదువుకుంటాం. ఈసారి కొంచెం దూరం వెళ్ళి, రెండు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లాండులో పుట్టిన ఒక రచయిత్రిని ఎన్నుకున్నాం. దానికి కారణం ఉంది. ఈ సంచిక కోసం మిత్రులు ఇచ్చిన కథలు, కవితలు పేజీలకు మించి వచ్చాయి. కొన్నిటిని వెనక్కి ఇవ్వక తప్పలేదు. నోటుబుక్కులు వెనక్కి తీసుకుంటూ కొందరు ఇక జన్మలో కలం పట్టం అన్నంత మొహం పెట్టారు. వాళ్ళను చూశాక మా సంపాదకవర్గం కూర్చుని, రాసింది వెనక్కి రావడం అంటే ఏమిటో బాగా ఎరిగిన మనిషి ఎవరా అని ఆలోచిస్తే ఈమె గుర్తొచ్చింది. పైగా ఈమె కూడా మనలాగే హాస్టల్లో ఉండి, హాస్టల్ తిండి తిని చదువుకున్న పిల్లే.

షార్లెట్ బ్రాంటీ 1816 ఏప్రిల్ 21న యార్క్‌షైర్ ప్రాంతంలోని థార్న్‌టన్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి పాట్రిక్ బ్రాంటీ చర్చి పాస్టరు. ఆయనది ఐర్లాండు. పదిమంది పిల్లలున్న నిరుపేద ఇంట్లో పెద్దకొడుకు. చిన్నప్పుడు చేతిపనులు నేర్చుకుంటూనే చదువు మీద పట్టు సంపాదించి, మీసాలు రాకముందే పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1802లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించారు. అక్కడ పేద విద్యార్థులను తక్కువ ఫీజుకు చేర్చుకునే పద్ధతి ఒకటి ఉండేది, దాని మీదే చదివారు. ఇంట్లో పెద్ద చదువు చదివిన మొదటి మనిషి అంటే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మనిషి ఇంట్లో కూడు లేకపోయినా పుస్తకం ఉండాలనుకుంటాడు. బ్రాంటీగారి ఇల్లు సరిగ్గా అలాంటిదే.

వాళ్ళు ఆరుగురు పిల్లలు. మరియా, ఎలిజబెత్, షార్లెట్, తమ్ముడు బ్రాన్‌వెల్, ఆ తర్వాత ఎమిలీ, ఆన్. 1820లో కుటుంబం హావర్త్ అనే కొండ మీది ఊరికి మారింది. ఇంటి ముందు శ్మశానం, ఇంటి వెనక చెట్టూ చేమా లేని బీడు. ఆ మరుసటి ఏడాదే తల్లి జబ్బుతో చనిపోయింది. అప్పటికి షార్లెట్‌కి అయిదేళ్ళు. తల్లి అక్కగారు వచ్చి పిల్లలను సాకింది.

పాస్టరు జీతంతో అయిదుగురు ఆడపిల్లలను చదివించడం కష్టం. అప్పుడే, 1824లో, కోవన్ బ్రిడ్జి అనే చోట పేద పాస్టర్ల కూతుళ్ళ కోసం దాతల చందాలతో ఒక హాస్టల్ బడి తెరిచారు. ఏడాదికి 14 పౌన్లు కడితే చాలు, తిండి, వసతి, చదువు అన్నీ వాళ్ళే చూస్తారు. ఆ జులైలో పెద్దపిల్లలిద్దరూ, ఆగస్టులో షార్లెట్, నవంబరులో ఎమిలీ అక్కడ చేరారు. షార్లెట్‌కి ఎనిమిదేళ్ళు, ఎమిలీకి ఆరేళ్ళు.

ఆ బడి గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దాని మీదే నిలబడింది. పొద్దున ఇచ్చే జావ తరచూ అడుగంటి మాడు వాసన కొట్టేది. ఆకలితో ఉన్న పిల్లలు కూడా నోట పెట్టలేకపోయేవారు. చలికాలం ఆదివారాల్లో రెండు మైళ్ళకు పైగా నడిచి చర్చికి వెళ్ళాలి. తడిసిన కాళ్ళతోనే ప్రార్థన అంతా కూర్చోవాలి. ఇంటి నుంచి మోసుకెళ్ళిన చల్లటి తిండే మధ్యాహ్న భోజనం. ఆ మీదట మళ్ళీ ప్రార్థన, మళ్ళీ నడక. 1825 వసంతంలో ఆ బడిలో టైఫస్ జ్వరాలు పాకాయి. బ్రాంటీ పిల్లలకు అంతకుముందే క్షయ అంటుకుంది. మరియాను ఫిబ్రవరిలో ఇంటికి పంపితే మే 6న చనిపోయింది. ఎలిజబెత్ జూన్ 15న చనిపోయింది. పెద్దదానికి 11 ఏళ్ళు, రెండోదానికి 10. తండ్రి వెళ్ళి మిగిలిన ఇద్దరినీ ఇంటికి తెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ళ షార్లెట్ ఆ ఇంటికి పెద్దకూతురైంది.

ఆ బడి రిజిస్టరులో షార్లెట్ పేరు ఎదురుగా ఒక రిమార్కు ఉంది. చదవడం పరవాలేదు, రాయడం అంతంత మాత్రం, లెక్కలు కొద్దిగా వచ్చు, వ్యాకరణం, చరిత్ర, భూగోళం అసలు రావు అని దాని సారాంశం. తెలివిగలదే గాని ఏదీ పద్ధతిగా నేర్చుకోలేదని కూడా రాశారు. ప్రోగ్రెస్ కార్డు చూసుకుని కుంగిపోయే మిత్రులు ఈ సంగతి ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా వ్యాసం చదవకపోయినా మేమేమీ అనుకోం.

ఇంటికి వచ్చాక పిల్లలు నలుగురూ ఒక వింత ఆటలో పడ్డారు. 1826లో తండ్రి కొడుకు కోసం పన్నెండు కొయ్య సైనికులున్న పెట్టె తెచ్చారు. పిల్లలు తలా ఒక బొమ్మను పట్టుకుని పేర్లు పెట్టి, వాళ్ళకో రాజ్యం, ఆ రాజ్యానికో చరిత్ర, దానికో పత్రిక కూడా తయారు చేశారు. ఆ పత్రికలు అగ్గిపెట్టె అంత ఉండేవి, బొమ్మ సైనికులు చదువుకోవాలి కదా! కాగితం ఖరీదు కాబట్టి దొరికిన ముక్కలన్నీ కత్తిరించి, దారంతో కుట్టి, చక్కెర పొట్లం కాగితాన్ని అట్టగా వేసి, అచ్చక్షరాల్లాంటి సన్నటి అక్షరాలతో నింపేవారు. వాటిలో కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి, భూతద్దం లేనిదే చదవలేం. మన గోడపత్రికకు కాగితాలు చాలలేదని గోల పెట్టిన రోజుల్లో మేము ఈ సంగతి తెలుసుకుని ఉంటే బాగుండేది.

1831లో షార్లెట్ రో హెడ్ అనే మరో బడికి వెళ్ళింది. ఇది చిన్నది, మంచిది. అక్కడే చదివి, తర్వాత అక్కడే పంతులమ్మగా చేరింది. పాఠాలు చెప్పడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. మనసంతా రాత మీదే. ఇరవై ఏళ్ళప్పుడు, 1836 చివర్లో, ధైర్యం చేసి తన కవితలు కొన్ని అప్పటి ఇంగ్లాండు ఆస్థానకవి రాబర్ట్ సదేకి పంపింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. శక్తి ఉంది గాని, ఆడవాళ్ళ జీవితానికి సాహిత్యం పనికిరాదని, ఇంటి బాధ్యతలు చూసుకుంటే అటు ధ్యాసే పోదని ఆయన సలహా. ఆయనను తిట్టుకోవడం తేలిక. కాని తెలియని పిల్ల రాసిన ఉత్తరానికి ఓపికగా అంత జవాబు రాసిన పెద్దమనిషి ఆయన, అదీ చెప్పుకోవాలి. షార్లెట్ వినయంగా కృతజ్ఞతలు తెలిపి, ఆ ఉత్తరాన్ని ఎప్పటికీ దాచుకోవాలని కవరు మీద రాసుకుని, తన 21వ పుట్టినరోజు తేదీ వేసుకుంది. ఉత్తరమైతే దాచుకుంది గాని సలహా మాత్రం పాటించలేదు.

తర్వాతి ఏళ్ళు బతుకుతెరువుకే సరిపోయాయి. కలిగినవాళ్ళ ఇళ్ళలో ఉండి పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ ఉద్యోగం రెండుచోట్ల చేసింది. ఒకచోట ఏడాదికి 20 పౌన్లు జీతం, అందులో బట్టలు ఉతికించినందుకు 4 పౌన్లు పట్టుకునేవారు. పగలంతా పిల్లలు, రాత్రి అయితే యజమానురాలు ఇచ్చిన కుట్టుపని. అక్కచెల్లెళ్ళు సొంతంగా బడి పెట్టుకోవాలనుకుని, ఫ్రెంచి భాష నేర్చుకోవడానికి 1842లో షార్లెట్, ఎమిలీ బెల్జియంలోని బ్రస్సెల్స్ వెళ్ళారు. 1844లో షార్లెట్ తిరిగి వచ్చాక బడికి కరపత్రాలు అచ్చు వేయించారు. ఏడాదికి 35 పౌన్ల ఫీజు అని కూడా ప్రకటించారు. ఒక్క పిల్ల కూడా చేరలేదు. తమ్ముడు బ్రాన్‌వెల్ మీద ఇంట్లో అందరూ పెట్టుకున్న ఆశలు అప్పటికే తాగుడు పాలయ్యాయి. తండ్రికి కళ్ళు కనపడడం తగ్గిపోతోంది. ఆయన పోతే ఉంటున్న ఇల్లు కూడా చర్చిదే, ఖాళీ చేయాల్సిందే.

అలాంటి సమయంలో, 1845 శరదృతువులో, ఎమిలీ దాచుకున్న కవితల పుస్తకం షార్లెట్ కంటపడింది. అడగకుండా చదివినందుకు ఎమిలీకి మండిపోయింది. బతిమాలి ఒప్పించడానికి రోజులు పట్టింది. ఆన్ కూడా తన కవితలు బయటపెట్టింది. ముగ్గురివీ కలిపి పుస్తకం వేద్దామనుకున్నారు. ఆడవాళ్ళు రాశారంటే విమర్శకులు ఒకరకంగా చూస్తారని తెలుసు కాబట్టి, మగవాళ్ళవో ఆడవాళ్ళవో తేలని పేర్లు ఎంచుకున్నారు. షార్లెట్ కరర్ బెల్, ఎమిలీ ఎల్లిస్ బెల్, ఆన్ ఆక్టన్ బెల్. మొదటి అక్షరాలు మాత్రం తమవే ఉంచుకున్నారు.

లండన్‌లోని ఎయిలాట్ అండ్ జోన్స్ అనే సంస్థ, ఖర్చు మీరే పెట్టుకుంటే వేస్తామంది. 31 పౌన్ల 10 షిల్లింగులు కట్టారు. పైన చెప్పిన గవర్నెస్ జీతంతో పోలిస్తే ఏడాదిన్నర కష్టానికి మించిన డబ్బు. పెద్దమ్మ చనిపోతూ వీళ్ళకు వదిలివెళ్ళిన సొమ్ములోంచి అది తీశారు. 1846 మేలో పుస్తకం వచ్చింది. ఏడాది తిరిగేసరికి అమ్ముడైన ప్రతులు రెండు. అవును, రెండే. షార్లెట్ మిగిలినవాటిలో కొన్నిటిని వర్డ్స్‌వర్త్, టెనిసన్ వంటి పెద్ద కవులకు కానుకగా పంపుతూ, ఎవరూ కొనని పుస్తకం పెట్టెలు చేసేవాళ్ళకు కాగితంగా పోకముందే మీకు ఇస్తున్నామన్న అర్థం వచ్చేలా ఉత్తరం రాసింది. అంత దెబ్బ తిని కూడా నవ్వగలిగిందంటే ఆ మనిషి గట్టిది.

కవిత్వం అమ్ముడుపోదు, నవల అయితే పోతుంది. ఆ కాలం తీరు అది. కవితల పుస్తకం అచ్చులో ఉండగానే ముగ్గురూ తలా ఒక నవల పూర్తి చేశారు. షార్లెట్ది ‘ది ప్రొఫెసర్’, ఎమిలీది ‘వదరింగ్ హైట్స్’, ఆన్ది ‘ఆగ్నెస్ గ్రే’. రాత్రి తొమ్మిదయ్యాక, పెద్దవాళ్ళు పడుకున్నాక, ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఎవరు రాసింది వాళ్ళు చదివి వినిపించుకునేవారట. మన స్టడీ అవర్ అయిపోయాక వరండాలో తిరుగుతూ కథలు చెప్పుకుంటామే, అలాగ.

అప్పట్లో ఇంగ్లాండులో నవల అంటే మూడు సంపుటాలు. దీనికో వ్యాపార రహస్యం ఉంది. మూడు సంపుటాల సెట్టు ఖరీదు 31 షిల్లింగుల 6 పెన్నీలు, మామూలు మనిషి కొనలేడు. చందా కట్టి పుస్తకాలు అద్దెకు తెచ్చుకునే గ్రంథాలయాలే కొనేవి. నవల మూడు సంపుటాలుగా ఉంటే ఒక్క నవలనే ఒకే రోజు ముగ్గురికి తిప్పవచ్చు. అందుకని పొట్టి నవలలంటే ప్రచురణకర్తలకు గిట్టేది కాదు. అక్కచెల్లెళ్ళు మూడు నవలలను కలిపి మూడు సంపుటాల సెట్టుగా పంపడం మొదలుపెట్టారు. 1846 జులైలో మొదటి పార్శిలు వెళ్ళింది, తిరిగి వచ్చింది. రెండోచోటికి వెళ్ళింది, తిరిగి వచ్చింది. ఇలా ఒక ఏడాది గడిచింది.

ఇందులో ఒక తిరుగుటపా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1846 ఆగస్టులో షార్లెట్ తండ్రిని శుక్లం ఆపరేషను కోసం మాంచెస్టర్ తీసుకువెళ్ళింది. ఆపరేషనుకు మత్తు ఇచ్చే పద్ధతి ఇంకా రాలేదు. డెబ్బయ్యో పడికి దగ్గరపడిన ముసలాయన కదలకుండా కూర్చుంటే ఆగస్టు 25న కంటిలోని శుక్లం తీశారు. ఆ తర్వాత రోజుల తరబడి చీకటిగదిలో, మాట్లాడకుండా పడుకోవాలి. ఊరు కొత్త, అద్దెగదులు, షార్లెట్‌కి పంటినొప్పి. సరిగ్గా ఆ ఆపరేషను రోజునే ‘ది ప్రొఫెసర్’ తిరస్కరించినట్టు టపా వచ్చిందని ఆమె జీవితం రాసిన స్నేహితురాలు గాస్కెల్ చెబుతోంది. ఆ రోజుల్లోనే, ఆ అద్దెగదుల్లోనే షార్లెట్ ఇంకో కొత్త నవల మొదలుపెట్టింది. చూపు మందం కాబట్టి కాగితం కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని పెన్సిలుతో రాసింది. అది ‘జేన్ ఐర్’.

ఈ రెండు నవలలకూ తేడా ఏమిటో మేము చర్చించుకున్నాం. ‘ది ప్రొఫెసర్’ కథ ఒక మగవాడు చెప్పుకుంటాడు. బతుకులో ఉన్న మామూలు కష్టానికి మించి ఒక్క ఆవేశం గాని ఆశ్చర్యం గాని రాకూడదని షార్లెట్ పట్టుబట్టి రాసింది. తెలివైన నవలే, కాని రచయిత్రి గడప దాటి మనల్ని లోపలికి రానివ్వదు. ‘జేన్ ఐర్’ కథ చెప్పేది ఒక అనాథ ఆడపిల్ల. అందగత్తె కాదు, డబ్బు లేదు. ఆ పిల్లను మేనమామ ఇంటి నుంచి తరిమి ఒక ధర్మ హాస్టలుకు పంపుతారు. లోవుడ్ అని పేరు మార్చినా అది కోవన్ బ్రిడ్జి బడే. అడుగంటిన జావ ఉంది. చర్చి దాకా చలినడక ఉంది. జ్వరాలున్నాయి. ఓర్పుకు మారుపేరులా ఉండి క్షయతో చనిపోయే హెలెన్ బర్న్స్ అనే పిల్ల ఉంది, ఆమె చనిపోయిన అక్క మరియానే. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పుకోని హాస్టలు బతుకును షార్లెట్ మొదటిసారి కాగితం మీద పెట్టింది. మాకు తోచినంతవరకు, మొదటి నవల వెనక్కి రాకపోతే ఆమె ఆ పని చేసేది కాదేమో. వెనక్కి రావడం మంచిదే అని మేము అనడం లేదు, అలా అనేవాళ్ళ రాత ఎప్పుడూ వెనక్కి వచ్చి ఉండదు.

1847 జులై నాటికి థామస్ న్యూబీ అనే ప్రచురణకర్త ఎమిలీ, ఆన్ నవలలు వేస్తానన్నాడు, 50 పౌన్లు ముందు కడితేనే. ఆ రెండూ కలిపితే మూడు సంపుటాలు నిండాయి, షార్లెట్ నవల బయటే మిగిలింది. చెల్లెళ్ళ పుస్తకాలు అచ్చుకు వెళుతుంటే పెద్దదానిది ఒక్కటే మళ్ళీ టపాలో వేయాల్సి వచ్చింది. జులై 15న ఆమె దాన్ని లండన్ కార్న్‌హిల్‌లోని స్మిత్ ఎల్డర్ కంపెనీకి పంపింది. పాత పార్శిలు కాగితాన్నే మళ్ళీ వాడింది. దాని మీద ఇదివరకటి మూడు నాలుగు ప్రచురణసంస్థల పేర్లు కొట్టివేసి, వాటి కింద కొత్త చిరునామా రాసి ఉంది. అంటే ఎవరెవరు వద్దన్నారో చేత్తో పట్టుకెళ్ళి చూపించినట్టే! కాగితం పొదుపు చేసే ఇంటి పిల్ల కాబట్టి ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. (మిత్రులు పత్రికలకు కథలు పంపేటప్పుడు మాత్రం కొత్త కవరే వాడండి.)

జవాబు రాలేదు. మన వారపత్రికలు కథతోపాటు స్టాంపులు అంటించిన కవరు జతచేయమనేవి చూశారా, అక్కడా అటువంటి మర్యాదే ఉందని తెలిసి, ఆమె ఇంకో ఉత్తరం రాసి జవాబుకు తపాలాబిళ్ళ కూడా పెట్టింది. ఈసారి జవాబు వచ్చింది. రెండు ముక్కల తిరస్కారం అనుకుని విప్పితే రెండు పేజీల ఉత్తరం ఉంది. ఆ సంస్థలో వ్రాతప్రతులు చదివే విలియమ్స్ అనే ఆయన రాసింది. నవల వేయలేమన్నాడు. కాని ఎందుకు వేయలేమో, అందులో ఏం బాగుందో, ఏం లోపించిందో ఎంతో మర్యాదగా వివరించాడు. మూడు సంపుటాల నవల ఉంటే శ్రద్ధగా చూస్తామన్నాడు. కొందరు ఒప్పుకుంటూ రాసే ఉత్తరం కన్నా ఈ కాదన్న ఉత్తరమే తనకు ఎక్కువ ధైర్యమిచ్చిందని షార్లెట్ తర్వాత చెప్పుకుంది. మేము ఈ సంచిక కోసం నోటుబుక్కులు వెనక్కి ఇచ్చినప్పుడు ఇలాంటి చీటీ ఒక్కొక్కటి పెట్టాలని నిర్ణయించుకున్నది ఇది చదివాకే.

‘జేన్ ఐర్’ అప్పటికి దాదాపు పూర్తయింది. ఆగస్టు 24న రైలు పార్శిలులో పంపింది. ఆ చిన్న స్టేషనులో పార్శిలు రుసుము ముందుగా తీసుకోరట, ఎంతయిందో తెలియజేస్తే తపాలాబిళ్ళల రూపంలో పంపుతానని విన్నవించుకుంటూ ఉత్తరం జతచేసింది.

విలియమ్స్ చదివి తన యజమాని జార్జి స్మిత్‌కి ఇచ్చాడు. స్మిత్‌కి అప్పటికి 23 ఏళ్ళు. ఆదివారం పొద్దున ఫలహారం కాగానే చదవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం స్నేహితుడితో గుర్రపుస్వారీకి వెళ్ళాలి. రాలేనని చీటీ పంపాడు. భోజనం చదివే గదికే తెప్పించుకున్నాడు. రాత్రి పడుకోబోయే ముందు వ్రాతప్రతి ముగించాడు. మర్నాడే ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. వంద పౌన్లు ఇస్తామన్నారు. ఏడాదికి పైగా ఊళ్ళు తిరిగిన నవల ఒకపక్క ఉండగా, కొత్త నవల ఆరేడు వారాల్లోనే అచ్చై 1847 అక్టోబరులో మార్కెట్లోకి వచ్చింది. ఆరు నెలలు తిరగకముందే మూడో ముద్రణ వేయాల్సి వచ్చింది. సంస్థ తర్వాత తర్వాత మరికొంత ఇచ్చి, ఆ నవలకు మొత్తం 500 పౌన్లు ముట్టజెప్పింది.

ఇంత జరుగుతున్నా ఊళ్ళో ఎవరికీ తెలియదు. కరర్ బెల్ ఎవరండీ, ఎక్కడుంటాడు అని పోస్టుమాను పాస్టరుగారినే అడిగితే, మా ఊళ్ళో అలాంటివారెవరూ లేరని ఆయన చెప్పి పంపేశారట. పుస్తకం బాగా నడిచాక షార్లెట్ ఒక ప్రతి, కొన్ని సమీక్షలు పట్టుకుని తండ్రి గదిలోకి వెళ్ళి చెప్పింది. చదివి చూసి, సాయంత్రం టీ దగ్గర మిగతా కూతుళ్ళతో, మీ అక్క పుస్తకం రాసింది, అనుకున్నదానికంటే బాగుంది అన్న ధోరణిలో ఆయన మాట్లాడారట. శుక్లం తీసిన కళ్ళతో చదివారు మరి.

ఒకసారి ఒక ముసలి పాస్టరు ఆ నవల చదువుతూ, ఇది కోవన్ బ్రిడ్జి బడే అని గుర్తుపట్టి ఆశ్చర్యపోవడం షార్లెట్ స్వయంగా చూసింది. మనసులో సంతోషపడి ఊరుకుంది. ఆమె చనిపోయాక 1857లో గాస్కెల్ రాసిన జీవితచరిత్రలో ఆ బడి పేరు బాహాటంగా వచ్చేసరికి, దాన్ని స్థాపించిన కారస్ విల్సన్ తరఫువాళ్ళు పెద్ద గొడవ చేశారు. వంటమనిషి మంచిది కాదు, తర్వాత మార్చాం, బడి మేలు పొందినవాళ్ళు ఎందరో ఉన్నారు అన్నారు. అదీ నిజమే కావచ్చు. ఆ బడి తర్వాత వేరే ఊరికి మారి మెరుగుపడింది కూడా. కాని పిల్లలు కన్నది, తిన్నది వాళ్ళు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

చెల్లెళ్ళకు దొరికిన న్యూబీ వేరే రకం. డబ్బు ముందే తీసుకుని నెలల తరబడి పడేసి, ‘జేన్ ఐర్’ పేరు మోగాక 1847 డిసెంబరులో హడావిడిగా వాళ్ళ పుస్తకాలు తెచ్చాడు. ప్రూఫులో దిద్దిన తప్పులు దిద్దినట్టే ఉండిపోయాయి. కట్టిన 50 పౌన్లు తిరిగి రాలేదు. పైగా బెల్ అన్నదమ్ములు ముగ్గురూ ఒకరేనని అమెరికాలో ప్రచారం చేసి, ఆన్ రెండో నవలను ‘జేన్ ఐర్’ రచయిత కొత్త నవలగా అమ్మజూపాడు. స్మిత్ ఎల్డర్ వాళ్ళు ఇదేమిటని ఉత్తరం రాశారు. మాట పోతుందని షార్లెట్, ఆన్ ఆ సాయంత్రమే బయలుదేరారు. 1848 జులై 7. ఉరుములు మెరుపుల వానలో స్టేషను దాకా నడిచి, రాత్రి రైలెక్కి, తెల్లవారి లండన్ చేరారు. కార్న్‌హిల్‌లో ఆఫీసు అనుకుని వెళితే అదొక పెద్ద పుస్తకాల దుకాణం. ఊరి బట్టల్లో ఉన్న ఇద్దరు పొట్టి ఆడవాళ్ళు యజమానిని చూడాలన్నారు. పేర్లు చెప్పలేదు. స్మిత్ బయటకు వచ్చాక షార్లెట్ ఆయన రాసిన ఉత్తరాన్ని ఆయన చేతిలోనే పెట్టింది. ఇది మీకెక్కడిదని ఆయన కొంచెం గట్టిగానే అడిగాడు. పోస్టులో వచ్చింది, మీరు పంపిందే అని ఆమె జవాబు. ఇంగ్లాండు అంతా ఎవరా ఎవరా అని వెతుకుతున్న కరర్ బెల్ ఈ కళ్ళద్దాల ఆడమనిషి అని తెలిసి ఆయన నిలబడిపోయాడు.

ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబరు 24న బ్రాన్‌వెల్ చనిపోయాడు. అక్కచెల్లెళ్ళు పుస్తకాలు రాశారని అతడికి చివరిదాకా తెలియదని షార్లెట్ రాసుకుంది. డిసెంబరు 19న ఎమిలీ, వైద్యుణ్ణి దగ్గరకు రానివ్వకుండానే చనిపోయింది. 1849 మే 28న సముద్రపు గాలి కోసం వెళ్ళిన స్కార్‌బరో ఊళ్ళో ఆన్ చనిపోయింది. ఎనిమిది నెలల్లో ముగ్గురు. అప్పుడు రాస్తూ ఉన్న ‘షర్లీ’ నవలను షార్లెట్ మధ్యలో ఆపి, మళ్ళీ అందుకుని అదే ఏడాది పూర్తి చేసింది. రాత్రి తొమ్మిదయ్యాక భోజనాల బల్ల చుట్టూ తిరిగే అలవాటు ఆమె మానలేదు. అయితే ఒక్కతే తిరిగేది. ఆ అడుగుల చప్పుడు వింటుంటే గుండె చెరువయ్యేదని ఇంట్లో పనిచేసే ఆమె చెప్పింది.

పేరు వచ్చాక కూడా తన మొదటి నవలను ఆమె మరిచిపోలేదు. ‘ది ప్రొఫెసర్’ వేస్తారా అని స్మిత్‌ని మళ్ళీ అడిగింది. ఇంగ్లాండులో పేరుమోసిన రచయిత్రి అడిగినా, ఆమె వల్ల లాభపడిన ప్రచురణకర్తే వద్దన్నాడు. 1851లో మరోసారి మాట వచ్చింది, మరోసారి కాదన్నారు. అప్పటికి అది తొమ్మిదిసార్లు తిరస్కారం పొందిందని ఆమె లెక్క చెప్పి, వ్రాతప్రతిని బీరువాలో పెట్టి తాళం వేసేసింది. అందులోని బ్రస్సెల్స్ అనుభవాన్ని మరో రకంగా, ఈసారి ఒక ఆడమనిషి నోట చెప్పించి, 1853లో ‘విలెట్’ నవలగా తెచ్చింది. చాలామంది ఆమె నవలల్లో అదే గొప్పదంటారు.

1854 జూన్ 29న తండ్రి దగ్గర పనిచేసే ఆర్థర్ బెల్ నికల్స్‌ని పెళ్ళాడింది. తొమ్మిది నెలలు సుఖంగా గడిచాయి. గర్భిణిగా ఉండి జబ్బు చేసి 1855 మార్చి 31న చనిపోయింది. 39 ఏళ్ళు నిండడానికి మూడు వారాలు తక్కువ. ఆరుగురు పిల్లలనూ సాగనంపిన తండ్రి మిగిలారు.

1857లో భర్త నికల్స్ ఆ బీరువాలోని వ్రాతప్రతి తీసి స్మిత్ ఎల్డర్ కంపెనీకే ఇచ్చారు. ఈసారి వాళ్ళు అచ్చు వేశారు. అది మొదటిసారి టపాలో వెళ్ళి పదకొండేళ్ళయింది. ఆమె అసలు పేరు అప్పటికి లోకానికంతా తెలుసు, అయినా లోపలి పేజీలో రచయిత పేరు కరర్ బెల్ అనే వేశారు. పుస్తకం వచ్చేనాటికి పాస్టరుగారికి ఎనభై ఏళ్ళు.